ముందు ఓమ్, తర్వాతే వాట్: కారు యాంప్‌కీ సబ్‌వూఫర్‌కీ జోడీ కుదర్చడం ఎలా

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోల్లోనో కారు డెకరేషన్ షాపుకి వెళ్లి వూఫర్ కావాలని అడగండి. కౌంటరు మీదికి వచ్చే అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్దగా కనిపించేది వాట్ల అంకె. 1500, 2000, ఒక్కోసారి 3000 కూడా. "అన్నా, ఇది పెడితే కారు ఊగిపోద్ది" అంటాడు కుర్రాడు. ఆ పెద్ద అంకెతో మనకు దాదాపు పనే లేదు. పనికొచ్చేవి రెండే: ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా నడిచే అసలు శక్తి), ఓమ్‌లు (కరెంటుకి వూఫర్ పెట్టే అడ్డు కొలత). అవి పెట్టె పక్కన చిన్న అక్షరాల్లోనో, లోపలి కాగితంలోనో దాక్కుని ఉంటాయి.

ఆ రెండింట్లో ముందు తేల్చుకోవాల్సింది ఓమ్‌ల సంగతి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఆఫర్లో యాంప్ (వూఫర్‌కి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) కొంటారు, తర్వాత వూఫర్ చూస్తారు, వైర్లు ఎలా కలపాలన్నది ఫిట్టింగ్ చేసేవాడికి వదిలేస్తారు. కానీ ఒకే యాంప్ 4 ఓమ్‌లకు 200 వాట్లు, 2 ఓమ్‌లకు 350 వాట్లు ఇస్తుంది. ఓమ్ తేలకుండా వాట్ల గురించి బేరమాడటం దండగ. అందుకే ఇక్కడ అదే వరసలో వెళ్దాం. చేతిలో ఒక మల్టీమీటర్, ఫోన్లో కాలిక్యులేటర్, పెన్‌డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఒకటి ఉంటే చాలు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. పిల్లాపాపలతో తిరుపతికో చెన్నైకో వెళ్లే కారు, డిక్కీ నిండా సామాను పెట్టుకునే ఇల్లు అయితే సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌వూఫర్ తీసుకోండి. యాంప్ అందులోనే ఉంటుంది, జోడీ కుదిర్చే పని కంపెనీయే చేసి పంపుతుంది. కింద చెప్పేదంతా వేరే యాంప్, వేరే వూఫర్, వేరే బాక్సు కావాలనుకునేవాళ్ల కోసం.

మొదటి మెట్టు: పెద్ద అంకెను పక్కన పెట్టండి

మ్యాక్స్ పవర్, పీక్ పవర్ అని రాసేది క్షణకాలం తట్టుకునే శక్తి. ఆర్‌ఎంఎస్ అంటే ఒంగోలు నుంచి చెన్నై దాకా ఆగకుండా పాటలు మోగినా వూఫర్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) కాలకుండా తట్టుకునే శక్తి. యాంప్ విషయంలో అయితే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. కొన్ని కంపెనీలు దీన్నే నామినల్ పవర్ అంటాయి. పయనీర్ వాళ్ల 12 అంగుళాల టీఎస్-ఏ300డీ4 వూఫర్ మ్యాక్స్ పవర్ 1500 వాట్లు, నామినల్ 500 వాట్లు. ఆ వూఫర్‌కి లెక్క వేయాల్సింది ఆ 500తోనే.

యాంప్‌ల దగ్గర మోసం ఇంకాస్త ఎక్కువ. పెట్టె మీద సీఈఏ-2006 అనో, దాని కొత్త పేరు సీటీఏ-2006 అనో ముద్ర ఉంటే ఆ వాట్లను నమ్మొచ్చు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడు మీద, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా కొలిచి రాసిన అంకె అది. ముద్ర లేకపోతే యాంప్ పక్కన గుచ్చిన ఫ్యూజులు చూడండి. "2000 వాట్లు" అని రాసిన మోనో (ఒకే చానల్) యాంప్‌కి 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండే ఉన్నాయనుకోండి. 40 ఆంపియర్లను 13.8 వోల్టులతో గుణిస్తే 552 వాట్లు. లోపలికి పోయే కరెంటే అంత. క్లాస్ డీ అనే రకం యాంప్ దాంట్లో సుమారు 80 శాతాన్ని బయటికి ఇస్తుంది, అంటే 440 వాట్లు. క్లాస్ ఏబీ రకం అయితే మిగతాది వేడిగా పోయి సగం చిల్లర, 300 కూడా రాదు. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా షాపులో నిలబడి అర నిమిషంలో అసలు సంగతి తేలుతుంది.

రెండో మెట్టు: మీ వూఫర్‌కి కాయిల్ ఒకటా, రెండా?

వూఫర్ వెనక వైరు బిగించే టెర్మినళ్లు లెక్కపెట్టండి. రెండే ఉంటే సింగిల్ వాయిస్ కాయిల్. నాలుగు ఉంటే డ్యూయల్ వాయిస్ కాయిల్, అంటే ఒకే కోన్ వెనక విడివిడిగా రెండు కాయిల్స్. మోడల్ పేరులోనూ ఈ ఆనవాలు ఉంటుంది. ఇందాక చెప్పిన పయనీర్‌లో చివర డీ4 అంటే 4 ఓమ్‌ల కాయిల్స్ రెండు, ఎస్4 అంటే 4 ఓమ్‌ల కాయిల్ ఒక్కటే. కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం తేడా వస్తే యాంప్ కూడా మార్చుకోవాల్సి రావచ్చు.

పేరు కనపడకపోయినా, సెకండ్ హ్యాండ్ అయినా మీటరు పెట్టి చూడాల్సిందే. మీటరును 200 ఓమ్‌ల దగ్గర పెట్టి, ముందు రెండు ప్రోబుల మొనలు ఒకదానికొకటి ఆనించండి. 0.3, 0.4 అలా ఏదో చూపిస్తుంది. అది మీటరు వైర్లది, గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వూఫర్‌ను నేల మీద కోన్ పైకి ఉండేలా పెట్టి, ఒక కాయిల్ ప్లస్‌కి ఎర్ర ప్రోబు, అదే కాయిల్ మైనస్‌కి నల్ల ప్రోబు ఆనించండి. అంకె కాసేపు ఊగి నిలబడుతుంది. అప్పుడు కోన్‌ను వేలితో కొంచెం నొక్కి చూడండి, అంకె ఎగిరి పడుతుంది. కాయిల్ అయస్కాంతంలో కదిలినప్పుడల్లా సొంతంగా కరెంటు పుట్టిస్తుంది కాబట్టి కొలిచేటప్పుడు కోన్‌ను ఎవరూ తాకకూడదు. నిలబడిన అంకె 4.0 అయి, వైర్లది 0.4 అయితే కాయిల్ 3.6 అన్నమాట.

"4 ఓమ్ అని రాశాడు, 3.6 వస్తోంది, డూప్లికేటా?" అని టెన్షన్ పడొద్దు. మీటరు కొలిచేది డీసీ రెసిస్టెన్స్. పెట్టె మీద రాసేది ఏసీ సిగ్నల్ వెళ్లినప్పటి ఇంపీడెన్స్. మొదటిది ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది. 4 ఓమ్‌ల కాయిల్ 3.2 నుంచి 3.8 మధ్య, 2 ఓమ్‌లది 1.6 నుంచి 1.9 మధ్య చూపిస్తే మామూలే. డ్యూయల్ కాయిల్ అయితే రెండూ దాదాపు ఒకటే చూపించాలి. ఒకటి చూపించి రెండోది ఏమీ చూపించకపోతే ఆ కాయిల్ కాలిపోయింది, ఎంత తక్కువకిచ్చినా వద్దు. పాత వూఫర్ అయితే రెండు అరచేతులూ కోన్‌కి చెరో పక్క ఆనించి సమానంగా కిందికి నొక్కి వదలండి. లోపల గీసుకుంటున్న చప్పుడు వచ్చినా, ముక్కు దగ్గర పెడితే మాడిన వాసన వచ్చినా వదిలేయండి.

మూడో మెట్టు: వైర్లు కలిపే దారి

ట్యాంకుకి ఒక కుళాయి బదులు రెండు తిప్పితే నీళ్లు ఎక్కువ పోతాయి కదా, ప్యారలల్ కనెక్షన్ అంతే. రెండు కాయిల్స్‌కీ ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట కలుపుతాం. కరెంటుకి రెండు దారులు దొరికి ఓమ్‌లు సగమవుతాయి. సిరీస్‌లో మొదటి కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కి కలిపి, మిగిలిన ప్లస్, మైనస్‌లను యాంప్‌కి ఇస్తాం. ఓమ్‌లు రెట్టింపవుతాయి.

మన దగ్గర ఎక్కువగా తగిలే జోడీలు ఇవి:

- 4 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్ ఒకటి: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8 ఓమ్‌లు.
- 2 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్ ఒకటి: ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4.
- 4 ఓమ్‌ల సింగిల్ కాయిల్ వూఫర్లు రెండు: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8.
- 4 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్లు రెండు: అన్నీ ప్యారలల్ అయితే 1. ఒక్కో వూఫర్ కాయిల్స్ సిరీస్ చేసి, రెండు వూఫర్లనూ ప్యారలల్ చేస్తే 4.
- 2 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్లు రెండు: ఒక్కోటి సిరీస్, రెండూ కలిపి ప్యారలల్ అయితే 2. అన్నీ ప్యారలల్ చేస్తే 0.5, ఆ జోలికి పోవద్దు.

ఇందులో జనం బోల్తా పడేది రెండు చోట్ల. 4 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్ ఒక్కదానితో 4 ఓమ్‌లు ఎట్లా కలిపినా రావు. అలాంటివి రెండు కలిపితే 2 ఓమ్‌లు రావు. "మా అన్న స్కార్పియోలో ఒకటి అదిరిపోతోంది, నేను అదే యాంప్ మీద రెండు పెడతా" అనుకుంటే, ఒకదానికి 2 ఓమ్‌ల దగ్గర సుఖంగా నడిచిన యాంప్ ఇప్పుడు 1 ఓమ్‌కి పోవాలి, లేదంటే 4 ఓమ్‌ల దగ్గర తక్కువ పవర్ ఇవ్వాలి. రెండో వూఫర్ కొనే ఆలోచన ముందే ఉంటే మొదటిది 2 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ తీసుకోండి. మొదట ఒకటే పెట్టినప్పుడు 4 దగ్గర, రెండోది వచ్చాక 2 దగ్గర నడుస్తుంది.

"రెండు కాయిల్స్ ఎందుకులే, ఒకదానికే వైరిద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. వూఫర్ తట్టుకునే శక్తి సగానికి పడిపోతుంది, బాక్సు లెక్క కూడా తప్పుతుంది. అలాగే 10 అంగుళాలదీ 12 అంగుళాలదీ, ఒక కంపెనీదీ ఇంకో కంపెనీదీ ఒకే యాంప్‌కి కలపొద్దు. పవర్ సమానంగా పంచుకోవు, బలహీనమైనది ముందు పోతుంది.

కలిపాక యాంప్‌కి వెళ్లే వైరు చివర మీటరు పెట్టండి. 4 ఓమ్‌ల కాయిల్స్ రెండూ ప్యారలల్ అయితే సుమారు 1.8 రావాలి. 3.6 వస్తే ఒక కాయిలే తగిలింది, 7 దాకా వస్తే సిరీస్ అయింది. ఒక కాయిల్ ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం ఈ కొలత పట్టుకోలేదు. ఓమ్‌లు సరిగ్గానే చూపిస్తాయి గానీ ఒక కాయిల్ ముందుకి తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతుంది. కోన్ కదలదు, బేస్ రాదు, కాయిల్స్ మాత్రం వేడెక్కుతాయి. అందుకని వైరు రంగులు మొదటినుంచీ ఒకే పద్ధతిలో వాడండి.

నాలుగో మెట్టు: యాంప్ ఎన్ని ఓమ్‌ల దాకా దిగగలదు?

మోనో యాంప్ అయితే చదవడం తేలిక. కాగితంలో 4 ఓమ్‌లకు ఇంత, 2 ఓమ్‌లకు ఇంత, 1 ఓమ్‌కి ఇంత అని మూడు వరుసలు ఉంటాయి. 1 ఓమ్ వరుస లేకపోతే ఆ యాంప్ 2 ఓమ్‌ల దాకానే దిగగలదు. అంతకన్నా కిందికి దించితే ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోతుంది, లేదా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. "కాయిల్ ఇంపీడెన్స్ మోగేటప్పుడు పెరుగుద్దిలే, ఏం కాదు" అని కొందరు ఫిట్టర్లు భరోసా ఇస్తారు. ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారే మాట నిజమే, వూఫర్ రెజొనెన్స్ (కోన్ తనంతట తాను తేలిగ్గా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర రాసిన దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కూడా. కానీ మిగతా స్వరాల దగ్గర మళ్లీ కిందికి వచ్చేస్తుంది. యాంప్ కాలేది అక్కడే.

ఎక్కువ గొడవ వచ్చేది నాలుగు చానళ్ల యాంప్‌తో. బడ్జెట్‌లో చేయించుకునేవాళ్లు ముందు డోర్ స్పీకర్లకు రెండు చానళ్లు ఇచ్చి, మిగతా రెండింటినీ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకే చానల్‌లా కలిపి, వూఫర్‌కి ఇస్తారు. పద్ధతి మంచిదే. కానీ బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో చానల్‌కి కనపడే లోడు సగం. వూఫర్ 4 ఓమ్‌లైతే ఒక్కో చానల్ 2 ఓమ్‌లు మోస్తుంది. అందుకే దాదాపు అన్ని నాలుగు చానళ్ల యాంప్‌ల మీదా బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్‌లు అని రాసుంటుంది. ఇప్పుడు మార్కెట్లో బాగా దొరికే 4 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ వూఫర్‌ను ప్యారలల్‌లో దానికి తగిలించారనుకోండి. 2 ఓమ్‌ల లోడు, ఒక్కో చానల్‌కి 1 ఓమ్. ఊళ్లో మెల్లగా వాయిస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. హైవే ఎక్కి వాల్యూమ్ పెంచాక, కావలి దాటేలోపు యాంప్ ఆగిపోతుంది, పది నిమిషాలకు మళ్లీ వస్తుంది. జనం దీన్ని "లూజ్ కాంటాక్ట్" అనుకుని వైర్లు కదుపుతుంటారు. బ్రిడ్జ్‌కి కావాల్సింది 4 ఓమ్‌ల సింగిల్ కాయిల్, లేదా 2 ఓమ్‌ల డ్యూయల్ కాయిల్ సిరీస్‌లో.

1 ఓమ్ మోజు గురించి కూడా చెప్పాలి. ఓమ్‌లు తగ్గేకొద్దీ వాట్లు పెరుగుతాయి నిజమే. కానీ కరెంటు ఎక్కువ లాగుతుంది, యాంప్ ఎక్కువ వేడెక్కుతుంది, ఎఫిషియెన్సీ పడిపోతుంది, కోన్ మీద యాంప్ పట్టు కూడా కాస్త సడలుతుంది. పోటీల కోసం కట్టే కార్లలో అది వాళ్ల అవసరం. రోజూ తిరిగే కారులో 2 ఓమ్‌ల దగ్గర కావాల్సినన్ని వాట్లిచ్చే యాంప్ దొరికితే, 1 ఓమ్ దగ్గర అన్నే వాట్లిచ్చే దానికన్నా అదే నాకు ఇష్టం. వేసవిలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుందన్న సంగతి ఆ యాంప్ డిజైన్ చేసినవాడు అంతగా ఆలోచించి ఉండడు.

ఐదో మెట్టు: ఇప్పుడు వాట్లు

ఓమ్ తేలింది కదా. ఇక యాంప్ కాగితంలో ఆ ఓమ్ వరుస దగ్గరి ఆర్‌ఎంఎస్‌ను, వూఫర్ ఆర్‌ఎంఎస్‌తో పోల్చండి. వూఫర్‌ది 300 అయితే యాంప్ ఆ లోడు దగ్గర 225 నుంచి 400 మధ్య ఎంతిచ్చినా పనికొస్తుంది. నన్నడిగితే కొంచెం ఎక్కువిచ్చే యాంప్ తీసుకుని గెయిన్ (స్టీరియో సిగ్నల్‌ను యాంప్ ఎంత పెంచాలో చెప్పే స్క్రూ, ఏడో మెట్టులో చూద్దాం) తగ్గించి పెట్టుకోవడం మేలు.

చిన్న యాంప్ పెడితే వూఫర్ కాలుతుందా? తక్కువ పవర్ వల్ల ఏ వూఫరూ కాలదు, లేకపోతే వాల్యూమ్ తగ్గించినప్పుడల్లా కాలిపోవాలి. కాల్చేది క్లిప్పింగ్. యాంప్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక కూడా మీరు గెయిన్ పెంచుతూ పోతే గుండ్రంగా ఉండాల్సిన అల పైనా కిందా కోసేసినట్టు చదునైపోతుంది. పూర్తిగా చదునైన అలలో, అదే ఎత్తున్న మామూలు అలకి రెట్టింపు పవర్ ఉంటుంది. 150 వాట్ల యాంప్‌ను అలా పిండితే 300 వాట్ల దాకా వేడి కాయిల్‌లోకి పోతుంది. వూఫర్ 200 వాట్లదైతే దాని సంగతి అంతే. డీజే రీమిక్స్ పాటలు ఎక్కువగా వినేవాళ్లకు ఇది రెండింతలు వర్తిస్తుంది. వాటిలో చాలావరకు మిక్సింగ్‌లోనే గట్టిగా కంప్రెస్ చేసి వదులుతారు, కాయిల్‌కి చల్లబడే సందు దొరకదు.

రెండో వూఫర్ మీదా, పెద్ద యాంప్ మీదా డబ్బు పెట్టేముందు ఒక లెక్క. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 300 వాట్ల నుంచి 350కి మారితే చెవికి తేడా తెలియదు. ఆ డబ్బు మంచి బాక్సు మీద పెట్టండి. సెన్సిటివిటీ ఎక్కువున్న, అంటే అదే వాట్లకు ఎక్కువ చప్పుడిచ్చే వూఫర్ దొరికినా అంతే లాభం.

బాక్సు మాట వచ్చింది కాబట్టి: ఆర్‌ఎంఎస్ అనేది కాయిల్ తట్టుకునే వేడి లెక్క. కోన్ ఎంత దూరం కదలగలదు అన్నది బాక్సు చేతుల్లో ఉంటుంది. సీల్డ్ (అన్ని వైపులా మూసిన) బాక్సులో లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచుతుంది. గాలి పోయే గొట్టం (పోర్ట్) ఉన్న పోర్టెడ్ బాక్సులో, పోర్ట్ ట్యూనింగ్ (ఆ గొట్టాన్ని ఏ ఫ్రీక్వెన్సీకి కుదిర్చారో అది) కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలు వస్తే ఆ పట్టు పోయి కోన్ అదుపు తప్పి కొట్టుకుంటుంది. ఆర్‌ఎంఎస్ దాటకపోయినా అక్కడ వూఫర్ చిరిగిపోవచ్చు. పోర్టెడ్ బాక్సయితే యాంప్‌లో సబ్‌సానిక్ ఫిల్టర్ (ఆ మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉండేలా చూసుకోండి.

ఆరో మెట్టు: కారు ఇవ్వగలదా?

మనం ఎంచుకున్న 300 వాట్లను 80 శాతం ఎఫిషియెన్సీతో భాగిస్తే 375. దాన్ని 13.5 వోల్టులతో భాగిస్తే దాదాపు 28 ఆంపియర్లు. అదే క్లాస్ ఏబీ యాంప్ అయితే 44 దాటుతుంది. వూఫర్‌కి క్లాస్ డీ తీసుకోమనేది ఇందుకే. చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌లో మామూలుగా వచ్చే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీతో, ఇంజిన్ ఆన్‌లో ఉండగా 300 వాట్లు హాయిగా నడుస్తాయి. పాటలో బేస్ అస్తమానం మోగదు కాబట్టి సగటు కరెంటు ఇంకా తక్కువే. 500 దాటాలనుకుంటే ఆల్టర్నేటర్ మీది లేబుల్ చదివి, ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాన్ లాగేది పోగా ఏం మిగులుతుందో చూసుకోవాలి. మే నెలలో ఏసీ కట్టేసి పాటలు వినేవాళ్లు మన జిల్లాల్లో లేరు. మైపాడు బీచిలో ఇంజిన్ ఆపి గంటలకొద్దీ వాయిస్తే మాత్రం తోసుకుంటూ రావాల్సిందే.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి డిక్కీకి సుమారు 5 మీటర్లు. 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరులో 28 ఆంపియర్లు వెళ్తే 0.3 వోల్టు పోతుంది, పర్వాలేదు. అదే వైరులో 45 ఆంపియర్లు పోతే అర వోల్టు దాకా నష్టం. 4 గేజ్ అయితే 0.2 కూడా దాటదు. షాపుల్లో దొరికే చవక కిట్లలో ఎక్కువభాగం రాగి పూత వేసిన అల్యూమినియం. చివర గోకి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది, చేతికి తేలిగ్గా ఉంటుంది. అదే వాడాల్సి వస్తే ఒక సైజు లావుది తీసుకోండి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. అది కాపాడేది యాంప్‌ను కాదు, దారి పొడుగునా పోయే వైరును. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చేచోట రేకు అంచు వైరును కోయకుండా రబ్బరు గ్రోమెట్ వేయించండి. గ్రౌండ్ వైరు పొట్టిగా, ప్లస్ వైరంత లావుగా ఉండాలి, పెయింటు గోకి బాడీ రేకుకి నేరుగా బోల్టు వేయాలి. కొత్తపట్నం, మైపాడు వైపు, రొయ్యల చెరువుల దగ్గర ఉండేవాళ్లు ఆ బోల్టుకీ బ్యాటరీ టెర్మినళ్లకీ బిగించాక కాస్త పెట్రోలియం జెల్లీ పూయండి. ఉప్పుగాలికి ఆ రేకు తుప్పు పట్టి, కొన్నాళ్లకు బేస్ మెత్తబడుతుంది. తప్పంతా యాంప్ మీదికి పోతుంది. పవర్ వైరు ఒక పక్క, స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరు ఇంకో పక్క వేయిస్తే ఇంజిన్‌తో పాటు పెరిగే ఈల రొద రాదు. కారు ఇంకా వారంటీలో ఉంటే ఒరిజినల్ వైరింగ్ కోయనివ్వకండి, దానికి సరిపడే కప్లర్ తెప్పించమనండి.

ఏడో మెట్టు: గెయిన్ పెట్టడం

ఇంత లెక్కా వేసి, చివర్లో గెయిన్ చెవితో పెడితే చేసిందంతా వృథా. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కీ యాంప్‌కీ మధ్య సర్దుబాటు. పూర్తిగా తిప్పితే పవర్ పెరగదు, క్లిప్పింగ్ త్వరగా మొదలవుతుంది. దాని చుట్టూ ఉండే అంకెల్లో 6 వోల్టుల వైపు తక్కువ గెయిన్, 0.2 వైపు ఎక్కువ గెయిన్ అని గుర్తుంచుకోండి.

ముందు లక్ష్యం, అంటే యాంప్ నుంచి రావాల్సిన వోల్టేజీ, తేల్చండి. వూఫర్ ఆర్‌ఎంఎస్, ఆ లోడు దగ్గర యాంప్ ఆర్‌ఎంఎస్, రెండింట్లో తక్కువదాన్ని తీసుకుని ఓమ్‌లతో గుణించి వర్గమూలం కట్టండి. 300 వాట్లు, 2 ఓమ్‌లు అయితే 600 వర్గమూలం, 24.5 వోల్టులు. 500 వాట్లు, 2 ఓమ్‌లైతే 31.6. 500 వాట్లు, 1 ఓమ్ అయితే 22.4. ఇక్కడ వాడాల్సింది రాసిన ఓమ్‌లనే, మీటరు చూపిన 1.8ని కాదు.

తర్వాత వూఫర్ వైర్లు యాంప్ నుంచి ఊడదీయండి. స్టీరియోలో బేస్, లౌడ్‌నెస్, ఈక్వలైజర్ అన్నీ సున్నా. యాంప్ మీద బేస్ బూస్ట్ సున్నా, లోపాస్ ఫిల్టర్ (ఒక ఫ్రీక్వెన్సీకి పైవాటిని ఆపేది) పూర్తిగా పైకి, సబ్‌సానిక్ ఆఫ్. గెయిన్ పూర్తిగా కిందికి. ఆరుబయట కారు ఆపి ఇంజిన్ ఆన్ చేయండి, షెడ్డులో వద్దు. 0 డెసిబెల్స్ స్థాయిలో రికార్డయిన 50 హెర్ట్జ్ టోన్‌ను పెన్‌డ్రైవ్ నుంచి వేయండి. బ్లూటూత్‌లో ఫోన్ వాల్యూమ్ కూడా మధ్యలో దూరి లెక్క చెడగొడుతుంది. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర ఉంచండి, 40 గీతలుంటే 30 దగ్గర.

ఇప్పుడు మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్లకు ప్రోబులు ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనీయొద్దు. చిన్న స్క్రూడ్రైవర్‌తో గెయిన్ స్క్రూను వెంట్రుకవాసి తిప్పండి. 6, 9, 14 అంటూ మొదట నెమ్మదిగా ఎక్కుతుంది, సగం దాటాక కొంచెం తిప్పితేనే ఎగిరిపోతుంది. 24.5 దగ్గర ఆపేయండి. ఒకవేళ ఎంత తిప్పినా అక్కడికి చేరకుండా 20 దగ్గరే మొరాయిస్తే, స్టీరియో సిగ్నల్ బలహీనంగా ఉంది, లేదా యాంప్ కాగితం మీద చెప్పినంత నిజంగా ఇవ్వట్లేదు. అలాంటప్పుడు అంకె కదలడం మానేసిన చోటుకి కాస్త వెనక్కి తిప్పి వదిలేయండి. మామూలు మీటరు వోల్టేజీ చెబుతుంది గానీ క్లిప్పింగ్ చూపించదు. 50 హెర్ట్జ్ టోన్ ఎందుకంటే, చవక మీటర్లు ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గరే సరిగ్గా కొలుస్తాయి.

టోన్ ఆపి, స్టీరియో కట్టేసి, వూఫర్ వైర్లు మళ్లీ బిగించండి. స్టీరియోలో ఇందాక పెట్టిన 30 ఇకనుంచి మీ గరిష్ఠం. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కుర్రాళ్లు దాన్ని 40 చేస్తారు, తాళాలిచ్చేటప్పుడే ఒక మాట చెప్పండి. స్టీరియోలో బేస్ తర్వాత పెంచుకున్నా ఈ లెక్క చెదిరిపోతుంది.

ఎనిమిదో మెట్టు: ఫిల్టర్లు, చోటు, మొదటి పరీక్ష

లోపాస్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. గాయకుడి గొంతు డిక్కీలోంచి వస్తున్నట్టుంటే ఇంకా తగ్గించండి. సబ్‌సానిక్, పోర్ట్ ట్యూనింగ్ కన్నా కొద్దిగా కింద. డప్పు గట్టిగా మోగే పాట ఒకటి వేసి, దెబ్బ పడ్డాక బేస్ వెంటనే ఆగుతోందా, తోక లాగుతోందా వినండి. వైర్ల ప్లస్, మైనస్ ఒకసారి తిరగేసి కూడా వినండి. డ్రైవర్ సీట్లో ఏ పక్క బేస్ నిండుగా ఉంటే అదే ఉంచేయండి.

యాంప్‌ను వూఫర్ బాక్సు మీద బిగించొద్దు, అదురుకి లోపలి టంకాలు వదులవుతాయి. వెనక సీటు వీపుకో, గాలి ఆడే పక్క గోడకో బిగించి చుట్టూ నాలుగు వేళ్ల సందు వదలండి. దాని మీద బియ్యం బస్తా, దుప్పట్లు పెట్టకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఫుల్ వాల్యూమ్ పెట్టకుండా, ఏసీ లోపలి గాలిని చల్లబరిచేదాకా ఆగండి.

మొదటి రోజు మామూలు వాల్యూమ్‌లో అరగంట వాయించి ఆపి, యాంప్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలితే లోడు ఓమ్‌లు మళ్లీ కొలవండి. ప్రొటెక్ట్ లైటు వెలిగితే వూఫర్ వైర్లు ఊడదీసి మళ్లీ ఆన్ చేయండి. లైటు ఆరిపోతే తప్పు వూఫర్ వైపు ఉంది: ఓమ్ తక్కువైంది, లేదా ఏదో తీగ పోగు పక్క టెర్మినల్‌కి తగులుతోంది. వైర్లు లేకపోయినా వెలుగుతూనే ఉంటే ఆర్‌సీఏ కూడా పీకి చూడండి, తర్వాత గ్రౌండ్ బోల్టు చూడండి. అన్నీ పీకినా వెలుగుతుంటే యాంప్‌ను బిల్లుతో సహా కొన్న షాపుకే పట్టుకెళ్లండి.